కొమ్ముల సైకిలు

ఆ ఉదయానికి సురేష్‌బాబు చేతిలో ఉన్న ఆస్తి ఇది. రాజపాళయంలో తండ్రి పెట్టిన మామిడిపళ్ల మండీ, ఆ మండీకి చుట్టుపక్కల తోపులన్నిటిలో ఉన్న పేరు, మాటను తూచి వాడే భార్య, ఉద్యోగం చేసుకుంటున్న కూతురు, వాకిట్లో గోడకు ఆనించిన ఒక రోడ్డు సైకిలు. పైనుంచి చూసినవాడెవడైనా నిండు బుట్ట అనే అంటాడు. లోపల ఒక్క కాయ చెడింది. దాన్ని అతను అడుగుకు తోసి, పైన మంచి కాయలు పేర్చాడు. మండీల్లో అది కొత్త పనేమీ కాదు. కాకపోతే అలా పేర్చిన బుట్టను అతను తనకు తానే అమ్ముకున్నాడు.

చోళపురం దాకా సైకిలు తొక్కి, ఎండ ముదరకముందే ఇల్లు చేరాడు. వంటింట్లో భార్య సెల్వి అప్పుడే దించిన కాఫీని స్టీలు గ్లాసులో పోసి గట్టు మీద పెట్టింది. అతను వచ్చి దాన్ని అరచేత్తో నిండుగా పట్టుకుని ఎత్తాడు.

"అయ్యయ్యో, గుడ్డతో పట్టుకోండి! పొగలు కక్కతా ఉండాది!"

సురేష్‌బాబు గ్లాసు వంక చూశాడు. పొగ కనిపించింది. వేడి తెలియలేదు. ఇప్పుడు తటాలున కింద పెడితే అనుమానం వస్తుందని నింపాదిగా ఒక గుక్క తాగాడు. నాలిక చుర్రుమంది.

"మండీ చెయ్యి కదా. తోలు మందం."

"తోలు మందమో, తల మందమో. ఎట్ల కందిపోయినాదో చూడండి అరచెయ్యి."

వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న తండ్రి బాలసుబ్రమణియన్ తమిళ పేపరు మడిచి, సైకిలు వంక కళ్లు చికిలించాడు. ఆ సైకిలు మీద ఆయనకు రోజూ ఒక ఎకసెక్కం. వంపు తిరిగిన హ్యాండిల్ మధ్యలోంచి ముందుకు పొడుచుకొచ్చిన రెండు పొట్టి కడ్డీలు, వాటి మొదట్లో ముంజేతులు ఆనించుకోవడానికి చెరొక మెత్త. ఏరో బార్లు అంటారని మనవరాలు ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు అవి కొమ్ములే.

"ఏమే సెల్వీ, నీ మొగుడి ఎద్దుకు కొమ్ములు ఇంకా జానెడే ఉండాయే. మేత చాలలేదా?"

"అవి పొట్టి కొమ్ములే తాతా," అంది సత్యప్రియ, మిల్లు ఆఫీసుకు బయల్దేరుతూ చెప్పులు తొడుక్కుంటూ. "పొడుగువి రేసు తొక్కేవాళ్లకు. వాటి మీద నాయన ముందుకు సాగి పడుకోవాల, నడుము పోతాది. ఇవైతే కూర్చున్నట్టే కూర్చుని సుఖంగా పోవచ్చు."

"సైకిలు తొక్కేదానికి సుఖం ఎందుకమ్మా? సుఖం కావాలంటే మంచం ఉండాది కదా."

"ఆమా తాతా, మంచం మీద చోళపురం పోయి రండి, చూస్తాను."

ముసలాయన పడిపడి నవ్వాడు. సురేష్‌బాబు కూడా నవ్వాడు. కందిన అరచేతిని లుంగీ మడతలో దాచుకున్నాడు.

ఆ కొమ్ములు సత్యప్రియ తన జీతంతో తండ్రికి కొనిచ్చినవి. మామూలుగా తొక్కితే ఒంటి బరువులో సగం అరచేతుల మీదే పడుతుంది. రోడ్డులోని ప్రతి గులకరాయి మణికట్టును పలకరించి పోతుంది. అరచేతులు మండుతున్నాయనీ, చీమలు పాకినట్టుందనీ తండ్రి అన్నప్పుడు ఆ పిల్ల సైకిలు షాపువాళ్లను నాలుగు రకాలుగా అడిగి, ఆలోచించి తెచ్చింది. బిగించిన తొలిరోజే సురేష్‌బాబుకు ప్రాణం లేచి వచ్చింది. ముంజేతులు మెత్తల మీద వాలగానే భుజాలు దిగాయి, మెడ వదులైంది. అరచేతుల మీద బరువే లేదు. కడ్డీల కొసలను ఊరికే తాకుతూ ఉంటే చాలు. పొట్టివి కాబట్టి బ్రేకులు చేతికి దూరం పోవు, నడుము లాగదు, పొట్ట అడ్డం రాదు. కొండల వైపు నుంచి వచ్చే తెల్లవారు గాలిలో అలా వాలి పోతూ ఉంటే, ఎవరో తనను మోచేతుల కింద పట్టి మోసుకుపోతున్నట్టు ఉండేది.

రానురాను మంట తగ్గింది. ఆ తర్వాత చీమలు కూడా పోయాయి. కొమ్ముల పుణ్యమే అని సురేష్‌బాబు దాన్ని లాభం కింద వేసుకున్నాడు.

అతను ఎవరికీ చూపని పద్దు వేరే ఉంది. అతనికి చక్కెర జబ్బు. మదురైలో డాక్టరు ఎప్పుడో చెప్పాడు. మాత్రలు వేసుకో, తీపి మానుకో, నడువు, లేదంటే సైకిలు తొక్కు అన్నాడు. నాలుగు మాటల్లో ఇంట్లో ప్రశ్న పుట్టించనిది సైకిలు ఒక్కటే. అదొక్కటే కొన్నాడు. మండీవాడు ప్రతి తోపు సరుకునూ ఒక ముక్క కోసి నోట్లో వేసుకుని చూడాలి. వెనకటికి ఆ పని చేసే వీరన్‌కు చక్కెర వచ్చిందని తెలిసిన రోజే బాలసుబ్రమణియన్ అతనికి కొత్త పంచె పెట్టి ఇంటికి పంపేశాడు. "చక్కెరున్నోడి నాలిక మీద వ్యాపారం నిలవదురా" అన్నాడు కొడుకుతో. ఆ మాట కొడుకు మరిచిపోలేదు. అందుకే ప్రతి సీజనూ రుచి చూస్తూనే ఉన్నాడు. అరికాళ్లు మండితే బూట్లలో మెత్తటి అట్టలు వేశాడు. చేతులు మండితే మందపాటి గ్లవుసులు, హ్యాండిల్‌కు రెండు చుట్ల టేపు, చివరకు కొమ్ములు. నొప్పి వచ్చిన ప్రతిసారీ ఒక సుఖం కొన్నాడు. ఆ నొప్పి ఎక్కడిదని మాత్రం విచారించలేదు.

బాలసుబ్రమణియన్ మండీలో ధర నోటితో పలకరు. తోపువాడూ మండీవాడూ చేతులు కలుపుతారు, పైన తుండు కప్పుతారు. తనకు ఇంతకంటే తగ్గితే గిట్టదన్న ధరను తోపువాడు మండీవాడి వేళ్లు పట్టుకుని చెబుతాడు. వేలికి పది రూపాయలు, ఎన్ని వేళ్లు పడితే కిలో ధర అంత. పక్కవాడికి కనబడదు, వినబడదు. తుండు తీశాక ఆ మాట మారదు. మిగతా మండీలు నోటికీ ఫోనుకీ మారిపోయినా ఈ మండీ మారలేదు. పాతకాలపు తోపువాళ్లు దూరం నుంచి ఇక్కడికే కాయలు తేవడానికి ఆ తుండే కారణం.

ఆ రోజు మంసాపురం నుంచి గురుసామి సీజను తొలి సప్పట్ట రకం మామిడి తెచ్చాడు. వెంట భార్య బొమ్మి కూడా వచ్చింది. గురుసామి తండ్రి కాలం నుంచీ ఆ తోపు కాయ ఈ మండీలోనే దిగుతుంది. మండీ యజమాని అతనికి మొదలాళీ.

"ఏమి మొదలాళీ, మీ సైకిలుకు కొమ్ములు మొలిచినాయంటనే? మొన్న మా ఊరి మీద పోతే మా కుక్కలు మొరిగేదే మరిచిపోయి చూసినాయి."

"పొడుస్తాదేమో అని భయపడినాయేమో," అన్నాడు సురేష్‌బాబు, చెయ్యి చాపుతూ.

తుండు పడింది. పోయిన సీజను నుంచీ తుండు కింద అతనిది కొత్త పద్ధతి. వేళ్ల మీద ఏదో ఆనినట్టు అనిపిస్తుంది, అది తుండో వేళ్లో, ఎన్నో తెలియదు. అందుకని ఎదుటివాడి ముఖం చదివేవాడు. సరుకు చూసి, మనిషి అవసరం చూసి, కంటి రెప్ప చూసి అంకె కట్టేవాడు. గట్టి వ్యాపారి కాబట్టి అంతగా తప్పిపోలేదు. ఆ ఉదయం గురుసామి ముఖం వాడిపోయి ఉంది. గాలికి సగం పిందె రాలిన తోపు. వచ్చిందే చాలని ఇచ్చేసుకుంటాడు, మూడు, అనుకున్నాడు సురేష్‌బాబు. కాయ కొనడానికి కొల్లం నుంచి వచ్చిన వ్యాపారికి తుండు అలవాటు లేదు. అతను సురేష్‌బాబు చెవిలో మూడే ఇస్తానన్నాడు. సురేష్‌బాబు సరే అని తల ఊపాడు.

కాయలు లారీకి ఎక్కుతుండగా గురుసామికి ధర తెలిసింది.

"మొదలాళీ, ఇదేమి? నేను నాలుగు పట్టినాను కదా."

"మూడు."

"నాలుగు, మొదలాళీ. బొటనవేలు వదిలి నాలుగూ పట్టినాను. గట్టిగా నొక్కినాను కూడా."

మండీలో ఉన్న తోపువాళ్లందరూ తిరిగి చూశారు. ఒక్క మాటతో అయిపోయేది. పొరపాటు మాది, తేడా మండీ భరిస్తుంది అని ఉంటే గురుసామి టీ తాగి వెళ్లిపోయేవాడు. కానీ అలా అంటే చెయ్యి తప్పిందని ఒప్పుకోవాలి. చెయ్యి ఎందుకు తప్పిందని అడుగుతారు. సురేష్‌బాబు అంతటి గడబిడలోనూ రెండు నష్టాలను తూచాడు. చిన్నదనుకున్నదాన్ని ఎంచుకున్నాడు.

"మూడే పట్టినావు గురుసామీ. లారీ ఎక్కినాక వేళ్లు పెంచితే ఎట్ల?"

 భార్య ముందర, సాటి తోపువాళ్ల ముందర గురుసామి అబద్ధాలకోరు అయిపోయాడు. రెండు చేతులూ పైకెత్తి, తన వేళ్లను తానే చూసుకున్నాడు, అవి తనకు తెలియకుండా ఏమైనా చేశాయేమో అన్నట్టు. బొమ్మి వచ్చి భర్త భుజం పట్టుకుంది.

"రా, పోదాం. ఈ తుండు చినిగిపోయినాది."

సాయంత్రం సురేష్‌బాబు ఇల్లు చేరేసరికి వాకిట్లో ఉండాల్సిన సైకిలు నట్టింట్లో ఉంది. దాని పక్కన తండ్రి నిలబడి ఉన్నాడు. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన సత్యప్రియ చేతి సంచి కింద పెట్టకుండానే గోడకు ఆనుకుంది. వంటింటి గుమ్మంలో సెల్వి.

"గురుసామి వచ్చి పోయినాడు," అన్నాడు బాలసుబ్రమణియన్. "వాకిట్లో నిలబడి ఏడ్చినాడు. లోపలికి రారా అంటే రాలేదు. తేడా నేనిస్తాను, తీసుకోరా అంటే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. 'నేను అబద్ధం చెప్పలేదని మీరు ఒక మాట అంటే చాలు, పెద్ద మొదలాళీ' అన్నాడు. నేనేమనేది, చెప్పు?"

"మూడే నాయనా..."

"నోరు ముయ్యి. వాడి చెయ్యి పట్టినాను, వాడి నాయన చెయ్యి పట్టినాను. ఆ ఇంటోళ్ల వేళ్లకు అబద్ధం రాదు." ముసలాయన కడ్డీలను పట్టుకుని సైకిలును ఊపాడు. "తెల్లారితే ఈ ఎద్దు మీద ఊరేగింపు. మండీలో ధ్యాస లేదు. కొల్లం వాడు నీకేమిచ్చినాడు రా? ఈ కొమ్ములు వాడు కొనిచ్చినవా?"

"తాతా!" సత్యప్రియ గోడ విడిచి నిలబడింది. "అవి నేను కొనిచ్చినాను. నాయనకు చేతులు మంటగా ఉండాదంటే, నా జీతంలో కొన్నాను. వాడి పేరు ఎత్తొద్దు."

"చేతులు మంటా? ఎన్నాళ్ల నుంచి?"

 సెల్వి తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది. పొద్దుటి నుంచీ ఆమె లోపల ఏదో కూడిక జరుగుతూనే ఉంది. ఇప్పుడు మొత్తం వచ్చింది.

"మామా, పొద్దున కాలే గ్లాసును అరచేత్తో పట్టుకున్నారు. ఆయనకు తెలీలేదు. మొన్న కాలికి మేకు గుచ్చుకుంటే చెప్పులో రక్తం చూసి నేను చెప్పినాను. అదీ తెలీలేదు. నేను సుమ్మా ఊరికే ఎగతాళి చేసి వదిలేసినాను మామా."

బాలసుబ్రమణియన్ కొడుకును పైనుంచి కింది దాకా చూశాడు. తోపు సరుకు దింపినప్పుడు చూసే చూపు అది. భుజం మీది తుండు తీశాడు.

"చెయ్యి చాపు."

"ఇప్పుడెందుకు నాయనా?"

"చాపురా."

తండ్రీ కొడుకుల చేతుల మీద తుండు పడింది. "ఎన్ని?"

సురేష్‌బాబు తండ్రి ముఖంలోకి చూశాడు. బేరం నేర్పిన ముఖం అది. అందులో ఏమీ దొరకలేదు.

"రెండు."

"ఇప్పుడు?"

"నాలుగు."

"ఇప్పుడు?"

తండ్రి పెదవి కొంచెం వణికింది. ఆ వణుకును గుర్తుగా తీసుకున్నాడు సురేష్‌బాబు. "మూడు," అన్నాడు.

బాలసుబ్రమణియన్ తుండు లాగేశాడు. దాని కింద సురేష్‌బాబు చెయ్యి ఒక్కటే ఉంది. ఎవరూ పట్టుకోకుండా, గాలిలో, వేళ్లు విప్పుకుని. తండ్రి కుడిచెయ్యి ఆయన నడుము వెనక ఉంది.

"మొదటిసారి నుంచే నేను పట్టుకోలేదు రా," అన్నాడు ముసలాయన. గొంతులో కోపం ఎక్కడికి పోయిందో ఆయనకే తెలియదు.

ఇక దాచడానికి బుట్టలో అడుగు లేదు. సురేష్‌బాబు గోడవారగా కూలబడి అంతా చెప్పాడు. మదురై డాక్టరు, వేసుకోని మాత్రలు, మండీలో తిన్న ముక్కలు, మంట, మంట పోవడం. చెబుతున్నంతసేపూ ఎవరి వంకా చూడలేదు.

సెల్వి ముందు తేరుకుంది. "రోజూ కాఫీలో చక్కెర నా చేత్తోనే వేయించుకున్నారు కదండీ. చాలదంటే ఇంకో చెంచా వేసినాను. వద్దు అనేదానికి నోరు రాలేదా? నన్ను కూడా ఈ పాపంలో కలిపినారు కదా."

"చెప్తే మండీ పోతాదని..."

"మాకు ఎందుకు చెప్పలేదు రా?" తండ్రి అరవలేదు, అడిగాడు.

"వీరన్‌ను పంపేసినావు కదా నాయనా. నేను పక్కనే ఉన్నాను ఆ రోజు."

బాలసుబ్రమణియన్ తన చేతిలోని తుండును మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. సత్యప్రియ వెళ్లి నట్టింట్లోంచి సైకిలును మెల్లగా నడిపించుకుంటూ వాకిట్లోకి తీసుకుపోయింది.

మర్నాడే నలుగురూ మదురై పోయారు. డాక్టరు కళ్లు మూసుకోమని, సన్నటి తీగ కొసతో అతని వేళ్లూ అరచేతులూ పాదాలూ పిక్కలూ తాకి చూశాడు. పాదాల నుంచి మోకాళ్ల దగ్గర దాకా, వేళ్ల నుంచి మణికట్టు దాకా స్పర్శ పోయింది. పోయింది తిరిగి వస్తుందని చెప్పలేను, ఉన్నదాన్ని కాపాడుకోండి అన్నాడు. కాలికి పుండు పడితే తెలియదు కాబట్టి రోజూ ఎవరైనా చూడాలన్నాడు. బ్రేకు నొక్కిందీ లేనిదీ తెలియని చేతులతో ఇక రోడ్డు మీద సైకిలు వద్దన్నాడు.

"నేను కొనిచ్చినవే చెడుపు చేసినాయా డాక్టర్?" అని సత్యప్రియ తమిళంలో అడిగింది. ఆ ప్రశ్న ఆ పిల్ల రాత్రంతా మోసుకొచ్చిందని అందరికీ తెలిసింది.

లేదమ్మా, అన్నాడు డాక్టరు. అవి చేతులకు విశ్రాంతే ఇచ్చాయి. సైకిలు లేకుంటే ఇంకా ముందే పోయేవేమో. మంట ఆగింది జబ్బు తగ్గి కాదు, మంట అని చెప్పే నరం చచ్చిపోయి. అంతే.

సురేష్‌బాబు ఆ మాట విని తల వంచుకున్నాడు. లాభం కింద వేసుకున్నదంతా సరుకు అయిపోవడమేనని అప్పుడు తెలిసింది. అంగడి ఖాళీ అయితే ఈగలు కూడా రావు. అతను ఈగలు పోయాయని సంతోషించాడు.

తిరిగొచ్చాక తండ్రీ కొడుకులు బస్సెక్కి మంసాపురం పోయారు. గురుసామి తోపులో కాయలు కోయిస్తున్నాడు. వాళ్లను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. బొమ్మి మాత్రం గోనెసంచి పరిచి కూర్చోమంది. సురేష్‌బాబు కూర్చోకుండా, కోత కోసేవాళ్లందరికీ వినబడేలా చెప్పాడు.

"నువ్వు నాలుగే పట్టినావు గురుసామీ. నాకు తెలీలేదు. చక్కెర జబ్బుతో నా వేళ్లలో ప్రాణం పోయినాది. అది దాచేదానికి నిన్ను అబద్ధాలకోరును చేసినాను. నువ్వు చెప్పిందే నిజం."

గురుసామి దగ్గరకు వచ్చి అతని అరచెయ్యి తిప్పి చూశాడు. గ్లాసు కాల్చిన చోట బొబ్బ చితికి ఉంది. దాని అంచున గోటితో మెల్లగా గీరాడు. సురేష్‌బాబు చెయ్యి కదల్లేదు.

"అయ్యో మొదలాళీ," అన్నాడు గురుసామి. "చెయ్యి పోయినాదని ఒక్క మాట చెప్పి ఉంటే, నేను నోటితో చెప్పి ఉందునే."

అంత చిన్న మాట. 

తోపుకు వచ్చినవాళ్లకు పండు పెట్టడం గురుసామి అలవాటు. చెట్టున మాగిన పండు ఒకటి తీసి కత్తితో ముక్క కోసి సురేష్‌బాబుకు చాపాడు. జబ్బు మాట గుర్తొచ్చి, సగం దూరం వచ్చిన చెయ్యి ఆగింది. ముక్కను మెల్లగా తిప్పి పెద్దాయన చేతిలో పెట్టాడు. మండీలో కూర్చున్న నాటి నుంచి సురేష్‌బాబుకు పండు ముక్క దాటిపోవడం అదే మొదలు. తండ్రి ఆ ముక్కను నోట్లో పెట్టుకోలేదు. తిరుగు బస్సు ఎక్కేదాకా అది ఆయన వేళ్ల మధ్యే కారిపోతూ ఉంది.

"కోపం లేదు పెద్ద మొదలాళీ," అని పంపేటప్పుడు చెప్పాడు గురుసామి. "అయితే మిగతా కాయ వేరే మండీకి మాట ఇచ్చేసినాను. ఇచ్చిన మాట కదా."

"ఆమా. మాట మాటే," అన్నాడు బాలసుబ్రమణియన్.

ఆ సీజను అలా జారిపోయింది. ముసలాయన మళ్లీ మండీలో కూర్చుని తుండు వేసి చూశాడు. ఆయన చేతికి స్పర్శ ఉంది, కానీ వణుకు కూడా ఉంది. రెండు వేళ్లు మూడైపోతున్నాయని తోపువాళ్లు మర్యాదగానే చెప్పారు. నోటితోనే ధర చెప్పించుకుందామని సత్యప్రియ అంది. తోపువాళ్లు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. నోటితో చెప్పేదానికి ఏ మండీ అయితే ఏమి, దగ్గరున్నదే మేలు కదా అన్నారు. అందులో తప్పు లేదు. ఎవరి లెక్క వాళ్లది. సప్పట్ట కాయ అయిపోయి ఆలస్యపు కాయలు వచ్చేసరికి మండీలో ఉదయం పూట కూడా పిచ్చుకల అరుపులు వినబడసాగాయి. చివరకు ఆ చోటును ఒక ఎరువుల వ్యాపారికి ఇస్తామని మాట అయింది. బోర్డు దించేటప్పుడు బాలసుబ్రమణియన్ చూడనని ఇంట్లోనే ఉండిపోయాడు.

సురేష్‌బాబు మెత్తటి అట్టల బూట్లు, గ్లవుసులు ఎవరికో ఇచ్చేశాడు. సైకిలును కూడా ఇచ్చేస్తానంటే సెల్వి ఒప్పుకోలేదు. రోజూ పొద్దున అతని పాదాలు ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందులన్నీ వెతికి చూసేది. తిట్టేది కూడా. "ఇంత పెద్ద మనిషికి కాళ్లు చూసేదానికి నేను రావాల. ఇంకేమి దాచినారో చెప్పండి, ఒకేసారి వెతుకుతాను." తిడుతూనే అరికాలి మీద చెంప ఆనించేది. ఆ చెంప తడిగా ఉందో పొడిగా ఉందో అతనికి తెలిసేది కాదు. వంగి చూసి తెలుసుకునేవాడు.

డాక్టరు ఒళ్లు కదిలించడం మానొద్దన్నాడని సత్యప్రియ ఒక ఇనుప స్టాండు తెచ్చింది. దానికి వెనక చక్రం బిగిస్తే సైకిలు ఉన్నచోటనే తిరుగుతుంది, ఎక్కడికీ పోదు. ఇంట్లో చోటు చాలక, ఎరువుల మూటలు దిగేదాకా అని మండీలోనే పెట్టింది. ఒక ఉదయం సురేష్‌బాబు ఖాళీ మండీలో సైకిలెక్కి కూర్చున్నాడు. నేల మీద ఇంకా గడ్డి పరకలు ఉన్నాయి. పండిన కాయ వాసన గోడల్లోంచి వదలలేదు. కొమ్ముల మీదకు వాలాడు. మెత్తలు ముంజేతులను పట్టుకున్నాయి. భుజాలు దిగాయి, మెడ వదులైంది. సుఖం ఎప్పటిలాగే ఉంది, పోయే దారే లేదు. ఎదురుగా తుండు బేరాలు జరిగిన బల్ల, దాని వెనక గోడ. చక్రం గిర్రున తిరుగుతోంది. అతనికి ఏడుపొచ్చింది. కన్నీళ్లు తుడుచుకుంటే చేతికి తడి తెలియదని, తుడుచుకోకుండానే తొక్కాడు.

ఎప్పుడు వచ్చాడో తండ్రి ఖాళీ బుట్ట ఒకటి బోర్లించి పక్కన కూర్చున్నాడు. 

"నా ఎద్దు గానుగెద్దు అయిపోయినాది రా," అన్నాడు. నవ్వించాలని చూశాడు. కుదరలేదు. లేచి దగ్గరకు వచ్చాడు. "ఆ మెత్తల మీద ఆనినప్పుడు నీకు తెలుస్తాదా?"

"తెలుస్తాది నాయనా. అక్కడ ఇంకా తెలుస్తాది. అందుకేనేమో అవి అంత బాగుండేది."

"ఎక్కడ దాకా?"

"మణికట్టు దాటినాక. మోచేతి దాకా."

బాలసుబ్రమణియన్ భుజం మీది తుండు తీసి కొడుకు ముంజేతి మీద కప్పాడు. చెయ్యి లోపలికి దూర్చాడు.

"కళ్లు మూసుకో. నా ముఖం చూడొద్దు. ఎన్ని?"

సురేష్‌బాబు కళ్లు మూసుకున్నాడు. చక్రం నెమ్మదించి ఆగింది. తుండు కింద వేళ్లు వెచ్చగా, కొంచెం వణుకుతూ ఆనాయి.

"నాలుగు."

"సరి. ఇప్పుడు?"

"ఒకటి."

"సరి. ఇప్పుడు?"

సురేష్‌బాబు ఆగాడు. కళ్లు తెరవలేదు. "ఇప్పుడు నీ చెయ్యి లేదు నాయనా."

ముసలాయన కిందపడబోయినవాడిలా రెండు చేతులతోనూ ఆ ముంజేతిని పట్టుకున్నాడు. తుండు జారి గడ్డి మీద పడింది. ఆయన అక్కడే తల ఆనించి, వీరన్‌ను పంపిన రోజు నుంచి మొదలుపెట్టి ఏమేమో అంటూ ఏడ్చాడు. సురేష్‌బాబు పెడళ్ల మీద కాళ్లు అలాగే ఉంచి, మెత్త మీదున్న చెయ్యి కదల్చకుండా విన్నాడు.

పోయినవి అందరికీ తెలుసు. మండీ పోయింది, తుండు పోయింది, రోడ్డు పోయింది, పది వేళ్లు పోయాయి. కాళ్ల సంగతి ముందు ముందు తేలుతుంది. చేతికి వచ్చింది మణికట్టుకూ మోచేతికీ మధ్య ఆ కాస్త చోటు. దాని మీద పడిన తండ్రి కన్నీళ్లు వేడిగా ఉన్నాయని సురేష్‌బాబుకు ఎవరూ చెప్పనక్కర లేకుండానే తెలిసింది.